పీహెచ్‌డీలో జారిపోయేది ఎక్కడ?

సంపాదకులకు,

ఇంజినీరింగ్ పీహెచ్‌డీ మధ్యలో మానేసినవాళ్ల గురించి ‘తట్టుకోలేకపోయారు’ అని తేల్చేయడం అన్యాయం. అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ 2008లో ఇచ్చిన లెక్కల్లో, ఇంజినీరింగ్‌లో పదేళ్లలోపు డిగ్రీ అందుకున్నవాళ్లు 64 శాతమే. అంత వడపోత దాటి చేరినవాళ్లలో ఇందరికి ఓపిక లేదంటే ఎలా నమ్మడం? బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 3,659 మంది స్కాలర్లపై 2017లో వెలువడిన అధ్యయనం, ప్రతి ముగ్గురిలో ఒకరికి మానసిక అనారోగ్యం ముప్పు ఉందని చెప్పింది. గైడ్ తీరుకూ పనిభారానికీ దానితో సంబంధం కనిపించింది.

మా అనుభవంలో ఎక్కువమంది జారేది కోర్స్‌వర్క్ అయ్యాక, మొదటి ఫలితం రాకముందు. పరీక్షలుండవు, గడువులుండవు, చూపించడానికి ఏమీ ఉండదు. లోపలి గాలిని పంపుతో లాగేసి ప్రయోగాలు చేసే వాక్యూమ్ చాంబర్‌నే తీసుకోండి. పంపు ఎంతసేపు తిరిగినా ప్రెజర్ దిగదు. ఫ్లాంజ్‌లు, ఓ-రింగ్‌లు, ఫీడ్‌త్రూలు, ఇలా ఒక్కో జాయింట్ మీదా హీలియం వదులుతూ, అది లోపలికి దూరుతోందేమో లీక్ డిటెక్టర్‌లో చూసుకోవాలి. లీకు దొరికి మూసినా, గోడలకు పట్టిన తేమ పోయేదాకా చాంబర్‌ను వేడిచేయాలి (బేక్). వారాలు గడిచిపోతాయి, గ్రాఫ్ ఒక్కటీ రాదు. విద్యార్థి మొహం చెల్లక మీటింగ్ వాయిదా వేస్తాడు, గైడ్ ఏమో పని చేయడం లేదనుకుంటారు. ఆ మౌనం ముదిరాకే పీహెచ్‌డీ మానేసే ఆలోచన వస్తుంది.

అందుకే ఫలితం ఉన్నా లేకపోయినా వారానికి అరగంట మీటింగ్ తప్పకూడదు. విద్యార్థి ఒక పేజీ తేవాలి: ఏం ప్రయత్నించాను, ఎక్కడ ఆగింది, మీ నుంచి ఏ నిర్ణయం కావాలి. మూడోది రాయకపోతే మీటింగ్ హాజరుపట్టీ అయిపోతుంది. తీసుకున్న నిర్ణయాలు ఆరోజే నాలుగు వాక్యాల్లో గైడ్‌కు మెయిల్ చేస్తే ‘నేనలా చెప్పలేదు’ అన్న పేచీ రాదు. విఫలమైన ప్రయోగాలూ తేదీతో, సెట్టింగులతో లాగ్‌బుక్‌లోకి ఎక్కాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చేరిన మొదటి నెలలోనే రాతపూర్వకంగా తేల్చాల్సినవి కొన్నున్నాయి. స్పాన్సర్ ప్రాజెక్టులో ఏ భాగం థీసిస్‌లోకి వస్తుంది? పరికరాల మరమ్మతుకు వారంలో ఎన్ని గంటలు? పేపర్‌పై పేర్ల వరుస ఎలా? సెలవులెన్ని? వీటిలో మరమ్మతు సంగతి అందరూ వదిలేస్తారు. చివరికి చేతిపని బాగా వచ్చిన ఒక్కరి మీదే ల్యాబంతా పడుతుంది, ఆ పని థీసిస్‌లో ఒక్క పేజీ కూడా కాదు.

పరిశోధన పురోగతిని చూసే డాక్టోరల్ కమిటీ ఆరు నెలలకోసారి, గైడ్ బయట ఉండగా, విద్యార్థితో పావుగంట మాట్లాడాలి. గైడ్‌ను మార్చుకోవచ్చన్న నిబంధన ఒక్కటే చాలదు. కొత్త గైడ్ దొరికేదాకా స్టైపెండ్‌ను విభాగమే ఇవ్వాలి, లేదంటే ఆ దారి కాగితం మీదే ఉంటుంది.

రెండు వారాలపాటు నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉన్న విద్యార్థిని డాక్టర్ దగ్గరికి పంపాలి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆ రోజే తీసుకెళ్లాలి. వైద్య సెలవులో ఉన్న నెలలను పీహెచ్‌డీ గడువులోంచి మినహాయించాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాం.

– ఇంజినీరింగ్ పరిశోధనకు గైడ్‌లుగా ఉన్న కొందరు అధ్యాపకులు