తలావ్‌లి చర్చి గోడలకు సున్నమే కావాలి: గోవా పురావస్తు శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారం. పాత గోవాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, తిస్వాడి తాలూకా తలావ్‌లి గ్రామంలో ఉన్న సాంతానా చర్చి గురించి ఈ లేఖ రాస్తున్నాను. మరియమ్మ తల్లి అయిన అన్నమ్మ పేరిట వెలసిన గుడి అది. జూలై నెలాఖరున జరిగే దోసకాయల పండుగకు పిల్లలు లేని దంపతులు వచ్చి, దోసకాయలు సమర్పించి, సంతానం కోసం మొక్కుకుంటారు. చర్చి పేరే 'సంతానం' అన్నట్టు వినిపించడం మా తెలుగు చెవులకు దక్కిన ముచ్చట.

1681లో మొదలై 1695లో పూర్తయిన ఈ కట్టడం బరోక్ శైలిని, అంటే ఐరోపాలో పుట్టిన ఆడంబరమైన నిర్మాణ రీతిని, గోవా పనివాళ్ళు ఎంతగా సొంతం చేసుకున్నారో చూపిస్తుంది. అయిదు అంతస్తుల ముఖభాగం, దానికి ఇరువైపులా బురుజులు, వరి పొలాల నడుమ పల్లెకు మించిన ఎత్తులో నిలబడి ఉంటాయి. అయితే దాని అసలు విలువ మరో చోట ఉందని నా అభిప్రాయం. పాత గోవాలోని అగస్టీన్ చర్చి ముఖభాగం కూడా ఇదే పద్ధతిలో అయిదు అంతస్తులుగా ఉండేది. 1835లో సన్యాసులను వెళ్ళగొట్టాక అది పాడుబడింది. 1842లో కప్పు కూలింది, 1931లో ముఖభాగం నేలకొరిగింది. ఇప్పుడు మిగిలింది సుమారు 46 మీటర్ల బురుజు మొండెమే. ఆ చర్చి ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే తలావ్‌లి వెళ్ళి తలెత్తి చూడవలసిందే. అయినా 1986లో యునెస్కో గుర్తించిన గోవా చర్చిల జాబితాలో దీనికి చోటు లేదు.

గోవా పాత చర్చిల గోడలు చాలావరకు లేటరైట్ రాతివి. పూత ఊడిన చోట దగ్గరగా చూస్తే ఆ ఎర్రరాయి తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా కనిపిస్తుంది, తడిని ఇట్టే పీల్చుకుంటుంది. ఏటా మూడు మీటర్ల దాకా వాన పడే చోట దానికి సున్నపు పూతే గొడుగు. 1950లలో ఆ పూతను ఒలిచేసినందుకు పాత గోవాలోని బోం జీసస్ బసిలికా అనే పెద్ద చర్చి రాయి నేటికీ వానకు అరుగుతూనే ఉంది. అలాగని సిమెంటు పూస్తే మేలు జరగదు: తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపలి ఉప్పు రాతిని పొడి చేస్తుంది. మా హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల మీద గతంలో వేసిన సిమెంటును పెచ్చులు పెచ్చులుగా తొలగించి, మళ్ళీ సున్నంతో పూత వేయవలసి వచ్చింది. ఒకసారి చేసిన తప్పును విప్పడానికి అయ్యే ఖర్చు ఎంతో అక్కడి మేస్త్రీలను అడిగితే తెలుస్తుంది.

కాబట్టి తమరికి నా మనవి ఇది. ఈ చర్చికి ఏ మరమ్మతు తలపెట్టినా తక్కువ ధరకు పాడిన గుత్తేదారుకు కాక, సున్నపు పనిలో చేయి తిరిగిన మేస్త్రీలకే అప్పగించాలి. టెండరు నిబంధనల్లో సిమెంటు వాడకూడదని స్పష్టంగా రాయించాలి. ముఖభాగాన్ని అంతస్తుల వారీగా కొలిచి గీసిన పటాలను అందరికీ అందుబాటులో ఉంచాలి. అగస్టీన్ చర్చి విషయంలో ఆ అవకాశం 1931తోనే చేజారిపోయింది.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి తరచూ గోవా వచ్చే ఒక యాత్రికుడు