రోడ్డు గీత గీశాక అభ్యంతరాలు అడిగితే ఎవరు నమ్ముతారు?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పు కోసం ప్రజాభిప్రాయ సేకరణ అనగానే జనం పెదవి విరుస్తున్నారు. పిలిస్తే రారు, వచ్చినా హాజరు పట్టీలో సంతకం పెట్టరు. ఆ సంతకాన్నే రేపు ఒప్పుకున్నట్టు చూపిస్తారేమోనని భయం. అభివృద్ధికి అడ్డుపడుతున్నారని వాళ్లను తప్పుపట్టే ముందు, అడిగే సమయం ఎప్పుడో, అడిగే పద్ధతి ఏమిటో చూడాలి.

మామూలుగా జరిగే వరుస ఇది: కన్సల్టెంటు డ్రాయింగ్, దానిమీద అంచనా వ్యయం, పరిపాలనా అనుమతి. ఆ తర్వాత సర్వే సిబ్బంది వచ్చి గోడలమీద ఎర్ర రంగు మార్కింగ్ వేస్తారు. నోటీసు వచ్చేది అప్పుడే. ఫ్లైఓవర్ ఉంటే పిల్లర్లు ఎక్కడ లేవాలో అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఒక్క అభ్యంతరం ఒప్పుకున్నా డ్రాయింగ్ మారాలి, అంచనా మారాలి, అనుమతి మళ్లీ తెచ్చుకోవాలి. ఎదురుగా కూర్చుని వినే అధికారికి వీటిలో ఏ ఒక్కటీ మార్చే అధికారం లేదు. మార్చలేని మనిషికి చెప్పుకోవడం దేనికని జనం అనుకుంటే అందులో తప్పేముంది?

నోటీసులో ఇంటి నంబరు, యజమాని పేరు, పోయే స్థలం ఇన్ని గజాలు అని ఉంటుంది. అభ్యంతరం రాయడానికి అసలు కావలసింది సెంటర్ లైన్, అంటే రోడ్డు మధ్యగీత. 60 అడుగుల రోడ్డును 100 అడుగులు చేస్తే రెండువైపులా 20 అడుగుల చొప్పున పోవాలి. సెంటర్ లైన్ 8 అడుగులు జరిగితే ఒకవైపు 28, రెండోవైపు 12 అవుతుంది. 30 అడుగుల లోతున్న ప్లాటులో 20 పోతే పది అడుగుల ముక్క మిగులుతుంది, 28 పోతే రెండడుగుల గోడ వారే మిగులుతుంది. గీత జరగడానికి సరైన కారణాలే ఉండొచ్చు: మలుపు సరిచేయడం, హైటెన్షన్ టవర్, శ్మశానం, ఒక పక్కన ప్రభుత్వ స్థలం. ఆ కారణం కాగితంమీద కనిపించకపోతే మాత్రం ఎవరిదో పెద్ద ప్రహరీని కాపాడటానికే గీత వంగిందని వీధంతా అనుకుంటుంది. కాదని రుజువు చేయడానికి కార్పొరేషన్ దగ్గర డ్రాయింగ్ ఉంది. దాన్ని బయటపెట్టడానికి అడ్డేమిటో మాకు అర్థం కాదు.

నష్టపరిహారం దగ్గర అయోమయం ఇంకా ఎక్కువ. స్థలం తీసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, జీహెచ్‌ఎంసీ చట్టం కింద యజమాని ఒప్పందంతో తీసుకోవడం. దీనిలో సాధారణంగా టీడీఆర్ ఇస్తామంటారు, అంటే పోయిన స్థలానికి బదులుగా వేరేచోట అదనంగా కట్టుకోవడానికో, బిల్డరుకు అమ్ముకోవడానికో ఇచ్చే నిర్మాణ హక్కు. 2017 ఉత్తర్వుల ప్రకారం రోడ్డు విస్తరణలో పోయిన స్థలానికి అది 400 శాతం. వినడానికి బాగుంటుంది గానీ టీడీఆర్ డబ్బు కాదు, బిల్డరు కొంటేనే డబ్బు. ధర మార్కెట్‌ను బట్టి పెరుగుతుంది, పడుతుంది. ఇంటిమీద బ్యాంకు అప్పున్నా, అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలకపోయినా సర్టిఫికెట్ ఆగిపోతుంది.

రెండో దారి 2013 భూసేకరణ చట్టం. స్థలం తీసుకోబోతున్నామని చెప్పే సెక్షన్ 11 తొలి నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లోగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. స్వయంగా గానీ వకీలు ద్వారా గానీ వాదన వినిపించవచ్చు. మార్కెట్ విలువకు 100 శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము, కలుస్తుంది. భవనంలో కొంత భాగమే తీసుకుంటుంటే మొత్తం తీసుకొమ్మని యజమాని కోరే హక్కు సెక్షన్ 94లో ఉంది. పది అడుగుల ముక్క మిగిలే వాళ్లకు ఇది ప్రాణాధారం. ఒప్పంద పత్రంమీద సంతకం పెట్టాక ఈ సెక్షన్ ఉపయోగపడదు. ఈ సంగతి సంతకానికి ముందు చెప్పేవారే ఉండరు.

అద్దె ముల్గీల్లో దుకాణాలు నడుపుకునే వాళ్ల సంగతి మరీ ఘోరం. మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ బతుకుతెరువు కోల్పోయే కుటుంబాన్ని కూడా 2013 చట్టం బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. ఒప్పందం మాత్రం యజమానికీ కార్పొరేషన్‌కూ మధ్యనే. పాతబస్తీ మెట్రోకు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మార్గంలో గజానికి రూ.81,000 అని ప్రకటించారు. గజం లెక్క స్థలం ఉన్నవాడికి. స్థలం లేనివాడు ఏ లెక్కలోకి వస్తాడో కూడా అదే రోజు చెప్పాల్సింది.

సామాజిక ప్రభావ అంచనా, దానిమీద బహిరంగ విచారణ 2013 చట్టంలో ఉన్నాయి. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్రాజెక్టులను వాటినుంచి మినహాయించే వీలు రాష్ట్రం తెచ్చిన సవరణతో వచ్చింది. గీత గీయకముందే జనం మాట్లాడటానికి చట్టంలో ఉన్న చోటు అదొక్కటే. దాన్ని తప్పించాక మిగిలేది మొక్కుబడి విచారణే. కేబీఆర్ పార్కు చుట్టూ 2016లో ఫ్లైఓవర్లు ప్రతిపాదించినప్పుడు చెట్ల వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడి ఆరు జంక్షన్లూ మళ్లీ హెచ్‌-సిటీ అనే ప్రభుత్వ రోడ్లు, ఫ్లైఓవర్ల పథకం పేరుతో వచ్చాయి. మొదటిసారి జనం చెప్పిన వాటిలో ఏది ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు అనే పట్టిక ఒక్కటి ముందుపెట్టి ఉంటే రెండోసారి చర్చ మరోలా ఉండేది.

నమ్మకాన్ని పూర్తిగా చంపేది కూల్చివేత తర్వాతి కాలం. గోడ ఒక్క పూటలో పడుతుంది. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, మంచినీటి పైపు, డ్రైనేజీ మ్యాన్‌హోల్ మార్చడానికి వేర్వేరు శాఖల డిపాజిట్లు, వేర్వేరు టెండర్లు. అవి తేలేదాకా తీసుకున్న స్థలంలో కార్లు పార్క్ చేస్తారు, స్తంభం తారు మధ్యలో నిలబడి ఉంటుంది. ఫుట్‌పాత్‌పై నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. వెడల్పు చేశాక ముందుగా కోతపడేది దానికే. ఇది పక్క వీధిలో చూసినవాడు తన గోడ దగ్గరికి టేపు పట్టుకొచ్చిన సిబ్బందిని ఎలా నమ్ముతాడు?

నోటీసు అందుకున్నవారు ‘మా ఇల్లు పోతోంది’ అని మాత్రమే రాస్తే అది దయాభిక్ష అర్జీ అవుతుంది. సెంటర్ లైన్ కోఆర్డినేట్లు, తమ ఇంటి ఎదుటి చైనేజీ (రోడ్డు మొదటినుంచి అక్కడికి కొలిచిన దూరం), వాహనాల లెక్క ఏ రోజు ఎన్ని గంటలపాటు తీశారన్న వివరం, పరిశీలించిన ప్రత్యామ్నాయాలు అడగాలి. పది ఇళ్లు కలిపి ఒకే అర్జీ కాకుండా ఇంటి నంబరుకు ఒకటి చొప్పున ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోవాలి. జనాన్ని ప్రభావితం చేసే నిర్ణయాల వాస్తవాలను ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రకటించాలని, బాధితులకు కారణాలు చెప్పాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(సి), (డి) చెబుతున్నాయి. ఆ రెండింటినీ అర్జీలోనే ఉటంకించండి.

ప్రభుత్వాన్ని మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. పరిపాలనా అనుమతికి ముందే విచారణ పెట్టాలి. గీతను మార్చగల స్థాయి ఇంజినీరు అందులో కూర్చోవాలి. ఏ ఇంటికి ఎన్ని అడుగులో తెలిపే డ్రాయింగు, టీడీఆర్‌కూ భూసేకరణకూ తేడా చెప్పే తెలుగు, ఉర్దూ కాగితం అభ్యంతరాల గడువు మొదలయ్యే రోజుకే వార్డు కార్యాలయం గోడమీద ఉండాలి. ప్రతి అభ్యంతరానికీ కారణంతో జవాబు ఇచ్చేదాకా ఆ వీధిలో జేసీబీ దిగకూడదు.

– కాలనీ సంక్షేమ సంఘాల సభ్యులు కొందరు,
హైదరాబాద్