దవడ నొప్పికి పళ్లు అరగదీయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆవులిస్తే చెవి ముందు కటుక్కుమంటుంది. పొద్దున లేచేసరికి బుగ్గలు పట్టేసి ఉంటాయి. మా కావలి చుట్టుపక్కల ఈ బాధతో చెవి డాక్టర్ దగ్గరికి, పంటి డాక్టర్ దగ్గరికి తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు. చాలాసార్లు నొప్పి దవడ కీలుది, దాన్ని కదిపే కండరాలది. పళ్లు గట్టిగా బిగించి చెంప మీద చెయ్యి పెడితే ఉబ్బి తగిలే కండ అందులో ఒకటి.

పోటీ పరీక్షల టెన్షన్‌లో ఉన్న మా ఆడపడుచు కూతురికి ఒక క్లినిక్‌లో పళ్ల పొందిక బాగాలేదని, కొన్ని అరగదీసి క్యాపులు వేయాలని చెప్పారు. ఇంట్లోవాళ్లు అప్పుకు సిద్ధపడ్డారు. మరోచోట చూపిస్తే దవడ వ్యాయామాలు, వేడి కాపడం, కొన్నాళ్లు మెత్తటి తిండి చాలన్నారు. ఆ పిల్లకు ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది. అరగదీసిన పన్ను మాత్రం తిరిగి రాదు కదా!

దీర్ఘకాలిక దవడ నొప్పిపై 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు చికిత్సలను పోల్చి చూశాయి. దగ్గరుండి చేయించే వ్యాయామాలు, చేత్తో దవడను కదిలించే ఫిజియోథెరపీ, మానసిక కౌన్సెలింగ్ వంటి వాటికే పెద్దపీట వేశాయి. నైట్ గార్డు (రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు), బొటాక్స్ (కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్) వైపు మొగ్గలేదు. పళ్ల పొందికను శాశ్వతంగా మార్చేసే పరికరాలు వద్దేవద్దన్నాయి. నైట్ గార్డు పెట్టిన కొత్తలో నిద్రలో కండరాల బిగింపు తగ్గినా, కొన్ని వారాలకు మళ్లీ మొదటికి రావడం పరిశోధనల్లో కనిపించింది. పళ్లు అరగకుండా కాపాడటానికైతే అది పనికొస్తుంది. బొటాక్స్ ప్రభావం కొన్ని నెలలే. పైగా ఈఎంజీ యంత్రం గీతల్లో చూపే కండరాల చురుకుదనానికి, మనిషి పడే నొప్పికి చాలాసార్లు పొంతన ఉండదు. ఆ గీతలు చూపించి ఖరీదైన చికిత్స అంటగడితే ఒప్పుకోనక్కర్లేదు.

గుట్కా, ఖైనీ నమిలేవాళ్లకు నోరు తెరుచుకోకపోతే మాత్రం అది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో దంత వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కలిసి వారానికి ఒకరోజైనా దవడ నొప్పి ఓపీ నడపాలని కోరుతున్నాను. వ్యాయామాలు బొమ్మలతో తెలుగులో అచ్చేసి ఇవ్వాలి. పెదాలు కలిపి, పళ్లు విడిగా ఉంచుకోవాలన్న మాట అందులో మొదటి వరుసలోనే ఉండాలి.

– ఒక ఉపాధ్యాయురాలు, కావలి, నెల్లూరు జిల్లా