‘ఉండవచ్చు’ ఎక్కడ జారిపోయింది?

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో కొసావో మీద (1985లో అది యుగోస్లావియాలోని సెర్బియా కింద, అల్బేనియన్లు ఎక్కువగా, సెర్బులు తక్కువగా ఉన్న ప్రాంతం) వచ్చిన వ్యాసం చాలావరకు బాగుంది. ఒక్క వాక్యం దగ్గరే పేచీ. 1985 నాటి సీసా కేసు గురించి ‘చివరికి అతను తానే చేసుకున్నాడని తేలింది’ అని వేశారు. ఏమీ తేలలేదు. ఎవరికీ శిక్ష పడనూ లేదు.

ఆ ఏడాది మే 1న, సెర్బులు గ్నిలానే అనీ అల్బేనియన్లు జిలాన్ అనీ పిలిచే పట్టణంలో, 56 ఏళ్ల సెర్బు ఒకరు పగిలిన గాజుసీసా మలద్వారం గుండా పేగులోకి దిగిన స్థితిలో ఆసుపత్రికి చేరాడు. (పేరు లోకానికంతా తెలుసు. లైంగిక దాడి బాధితురాలి పేరు అచ్చు వేయకూడదని మన దగ్గర చట్టమే ఉంది. మగవాడికి ఆ మర్యాద ఎందుకు తప్పాలో తెలియదు కనుక ఇక్కడ రాయడం లేదు.) పొలంలో ఉండగా ఇద్దరు అల్బేనియన్లు మీద పడ్డారని చెప్పాడు. తర్వాత ఒక యుగోస్లావియా సైనిక కల్నల్ ప్రశ్నించాడు, తానే చేసుకున్నట్టు ఒప్పుకున్నాడన్నారు. స్థానిక అధికారులూ అదే ప్రకటించారు. ఆ మనిషేమో ఒప్పుకోలును వెనక్కి తీసుకున్నాడు. ఇందులో మీ వ్యాసం వదిలేసిన ముక్క ఒకటుంది: అతను సైన్యంలో పౌర ఉద్యోగి. అంటే ఒప్పుకున్నది తనకు జీతమిచ్చే సంస్థ అధికారి ముందు. మన దగ్గర పోలీసు అధికారికిచ్చిన ఒప్పుకోలే నేరం రుజువు చేయడానికి చెల్లదు. అలాంటిదాన్ని పట్టుకుని ‘తేలింది’ అనేశారు.

ఇక వైద్యుల మాట. బెల్‌గ్రేడ్ సైనిక వైద్య అకాడమీలో పరిశీలించిన బృందంలో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ వాళ్లు ఇద్దరు, మిగతా యుగోస్లావ్ రిపబ్లిక్కుల రాజధానులైన జాగ్రెబ్, లుబ్లియానా, స్కోప్యె నుంచి ఒక్కొక్కరు. అరలీటరు సీసాను వెడల్పు వైపు నుంచి హఠాత్తుగా, బలంగా దూర్చారనీ, అది ఒంటరి మనిషి చేసుకోగలిగింది కాదనీ, కనీసం ఇద్దరు కావాలనీ వాళ్లు రాశారు. నెల తర్వాత లుబ్లియానా ప్రొఫెసర్ యానెజ్ మిల్చిన్‌స్కి నాయకత్వంలోని కమిషన్ వేరే మాట చెప్పింది. నేలలో పాతిన కర్రకు సీసా తగిలించి దాని మీద కూర్చోబోతే ఇలా జరిగి ఉండవచ్చంది. ‘చేసుకుని ఉండవచ్చు’ అంది, ‘చేసుకున్నాడు’ అనలేదు. మొదటి బృందం కుదరదన్నదాన్ని రెండోది కుదురుతుందంది, అంతే. తెలుగులో ఆ తేడా అంతా ‘వచ్చు’ అనే రెండక్షరాల్లో ఉంటుంది. హెడ్డింగులో చోటు చాలనప్పుడు మొదట ఎగిరిపోయేవీ అవే.

ఎదుటివైపు, అంటే సెర్బు పత్రికలూ ఇదే పని తలకిందులుగా చేశాయి. బెల్‌గ్రేడ్‌లో మొదటి నివేదికే సత్యమైపోయింది. ఒట్టోమన్ తుర్కుల పాలనలో కొరత వేయడంతో (శూలానికెక్కించడంతో) పోలిక వచ్చింది. 1986 జనవరిలో దాదాపు 200 మంది మేధావులు సంతకాలు పెట్టిన వినతిపత్రంలోకి కేసు ఎక్కింది, అదే ఏడాది సెప్టెంబరులో బయటికి పొక్కిన సెర్బియా శాస్త్ర, కళల అకాడమీ మెమొరాండంలోకీ ఎక్కింది. చిత్రకారుడు మీచా పొపొవిచ్ అతన్ని సిలువకెక్కిస్తున్నట్టు పెద్ద బొమ్మ గీశాడు. ఒక మనిషి గాయం జాతి గాయమైపోయాక, ఆ సీసా ఎలా దిగిందో అడిగే నాథుడే లేడు. 1986లోనే బాధితురాలూ నిందితుడూ వేర్వేరు జాతుల వాళ్లయిన అత్యాచారానికి ఎక్కువ శిక్ష వేసేలా సెర్బియా చట్టం మార్చింది. 1990లో ఒక స్వతంత్ర కమిషన్ లెక్క తీస్తే, ప్రతి 10,000 మంది మగవాళ్లకు ఏటా అత్యాచారాలు కొసావోలో 0.96, సెర్బియా ప్రధాన భాగంలో 2.43. కొసావో కేసుల్లో 71 శాతంలో బాధితురాలిదీ నిందితుడిదీ ఒకే జాతి.

అబద్ధం ఒకవైపుదే అనుకోకుండా 2004 మార్చి కూడా చూడండి. ముగ్గురు అల్బేనియన్ పిల్లలు ఇబర్ నదిలో కొట్టుకుపోయారు. సెర్బులు కుక్కతో తరిమారన్న మాట టీవీలో తిరిగింది. మార్చి 17, 18 తేదీల్లో అల్లర్లు రేగి 19 మంది పోయారు. అప్పట్లో కొసావోను పాలిస్తున్న ఐక్యరాజ్యసమితి ప్రాసిక్యూటర్‌కు ఆ తరిమిన కథకు ఆధారం దొరకలేదు. ఐరోపా భద్రతా సహకార సంస్థ (ఓఎస్‌సీఈ) నివేదిక కొసావో ప్రజా ప్రసార టీవీని గట్టిగానే తప్పుపట్టింది.

డెస్కులో ఇలాంటి వార్త దిద్దేటప్పుడు ప్రతి వైద్య నివేదిక పక్కనా మూడు సంగతులుండాలి: ఎవరిచ్చారు, ఏ తేదీన, మనిషిని చూసి రాశారా కాగితాలు చూసి రాశారా. ఒప్పుకోలైతే ఎవరి కస్టడీలో ఇచ్చాడు, తర్వాత మార్చుకున్నాడా అన్నది అదే వాక్యంలో రావాలి. తర్వాతి పేరాకు తోస్తే పేజీ కుదించేటప్పుడు కత్తెర ముందు దాని మీదే పడుతుంది. ‘ఒక వర్గం వారు’ అనే మన పాత అలవాటును నవ్వులాటగా తీసుకుంటాం గానీ, మొదటి రోజు వార్తకు అంతకంటే తగిన మాట లేదు. తర్వాత దర్యాప్తు జాతి ప్రస్తావన తెస్తే అప్పుడు రాసుకోవచ్చు.

సవరణ వేస్తే ఈ మాత్రం చాలు: ‘1985 కేసులో రెండు వైద్య బృందాలు పరస్పర విరుద్ధంగా చెప్పాయి. ఒప్పుకోలును అతను వెనక్కి తీసుకున్నాడు. ఎవరికీ శిక్ష పడలేదు.’ ఇంకొకటి, మ్యాప్‌లో ఊరికి సెర్బు పేరే వేశారు, అల్బేనియన్ పేరూ పక్కన పెట్టండి.

— ఒక పాఠకుడు, వరంగల్