విదేశీ స్వచ్ఛంద సేవ: విమానం దిగిన తర్వాతి సంగతులూ చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో స్వచ్ఛంద సేవకులుగా పనిచేసే అవకాశాల గురించి మీ పత్రిక యువత కోసం వ్యాసాలు ప్రచురిస్తుండడం సంతోషకరం. 2026ను సుస్థిరాభివృద్ధి కోసం అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ప్రకటించినందువల్ల ఈ విషయంపై ఆసక్తి పెరగడమూ సహజమే. అయితే నేను చదివిన వ్యాసాలన్నీ అర్హతలు, దరఖాస్తు, ఇంటర్వ్యూల దగ్గరే ఆగిపోయాయి. అక్కడికి వెళ్లాక మొదటి కొన్ని నెలలు ఎలా గడుస్తాయో, మిగతా కాలమంతా ఆ మనిషి నలుగురికీ ఉపయోగపడటం ఆ నెలల మీదే ఎంతగా ఆధారపడి ఉంటుందో వాటిలో కనిపించలేదు. అనంతపురం జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిగా చాలాకాలం పనిచేసి, ఆ తర్వాత ఆఫ్రికాలోని మలావీ దేశంలో దీర్ఘకాల స్వచ్ఛంద సేవకురాలిగా ఉండి వచ్చిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా డబ్బు గురించి ఇంట్లోవాళ్లకుండే సందేహం తీర్చాలి. ఐక్యరాజ్య సమితి స్వచ్ఛంద సేవకుల కార్యక్రమం 1970లో సాధారణ సభ తీర్మానంతో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. దాని తరఫున వెళ్లేవారికి జీతం ఉండదు, అక్కడ సాదాసీదాగా బతకడానికి సరిపోయే నెలవారీ భత్యం, ఆరోగ్య బీమా ఉంటాయి. దరఖాస్తుకు గానీ, ఎంపికకు గానీ ఆ కార్యక్రమం ఒక్క రూపాయి కూడా వసూలు చేయదు. కాబట్టి సీటు ఇప్పిస్తామంటూ డబ్బు అడిగే ఏజెంటు ఎవరైనా మోసగాడేనని తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అమెరికా ఉద్యోగంతో పోల్చి "నెలకు ఎంత మిగులుతుంది" అని అడిగేవారికి, పెద్దగా ఏమీ మిగలదని బయల్దేరక ముందే చెప్పేయడం మంచిది. ఆ సంగతి తేలకుండా వెళ్లినవారిని అక్కడున్నన్నాళ్లూ ఇంటినుంచి వచ్చే ఫోన్లు కుంగదీస్తాయి.

మలావీలో మన దేశం వాళ్లు కొత్త కాదు. రాజధాని లిలాంగ్వే పాతబస్తీలోను, మరో పెద్ద నగరమైన బ్లాంటైర్‌లోను తరాలుగా స్థిరపడిన గుజరాతీ కుటుంబాల దుకాణాలు చాలా ఉన్నాయి. దేశ తొలి అధ్యక్షుడు హేస్టింగ్స్ బండా పాలనలో ఆసియా సంతతి వర్తకులను కొన్ని నగరాలకే పరిమితం చేయడం వల్ల, పల్లె జనానికి భారతీయులంటే పట్నంలో గల్లాపెట్టె వెనక కూర్చునే మనుషులుగానే తెలుసు గానీ ఇరుగుపొరుగుగా తెలియదు. కనుక పల్లెలో కాపురం పెట్టిన భారతీయురాలిని చూసి, ఈమె ఏం అమ్మడానికి వచ్చిందని జనం అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ అనుమానం ఉపన్యాసాలతో పోదు. ఊరి పెద్దను కలిసి, ఎందుకు వచ్చానో చెప్పుకుని, ఆయన అనుమతితోనే ఊళ్లో తిరగాలి. కనిపించిన ప్రతి మనిషినీ నిలబడి కుశలం అడిగిన తర్వాతే పని మాట ఎత్తాలి. ఊళ్లో చావు జరిగితే పొలం పనులు, సమావేశాలు అన్నీ ఆగిపోతాయి. ఆ రోజు కార్యాలయంలో కూర్చుని నివేదిక రాసుకునే పరదేశిని ఊరు మరిచిపోదు. నడుముకు చితెంజే గుడ్డ చుట్టుకుని, తోటి ఆడవాళ్లతో పాటు నేల మీద కూర్చుని, భాష సగమే అర్థమైనా ఆ పూటంతా అక్కడే ఉండటం మంచిది. నన్ను ఆ ఊరి మనిషిగా చూడటం అలాంటి రోజుల తర్వాతే మొదలైంది. అందుకే అక్కడివాళ్లు మాట్లాడే చిచేవా భాష నేర్చుకోవడాన్ని తీరిక వేళ పనిగా కాక, మొదటి నెలల అసలు ఉద్యోగంగా పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

తిండి విషయంలో మనవాళ్లు భయపడుతుంటారు గానీ, రాయలసీమలో రాగి సంకటి తిని పెరిగినవారికి తెల్ల మొక్కజొన్న పిండితో చేసే న్సీమా అలవాటు కావడం కష్టం కాదు. భోజనానికి ముందు ఇంటివాళ్లు చెంబుతో నీళ్లు పోస్తూ అతిథి చేతులు కడిగిస్తారు. వేడి ముద్దను కుడిచేత్తో తుంచి, వేళ్లతో ఒత్తి, వేరుశనగ పొడి వేసి వండిన గుమ్మడి ఆకు కూరలో అద్దుకుని తింటారు. లిలాంగ్వే పీఠభూమి సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నందున జూన్, జూలై నెలల్లో రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. ఆఫ్రికా అనగానే నూలు చీరలే సర్దుకుని వెళ్లేవారికి ఇది చెప్పాలి. మలేరియా ఉన్న దేశం కాబట్టి దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు, జ్వరం వస్తే అదే రోజు పరీక్ష చేయించుకోవాలి. కరెంటు కోతలు, మనుషులు నిండేదాకా కదలని మినీబస్సులు మన పల్లెలు ఎరిగినవారిని పెద్దగా ఇబ్బంది పెట్టవు.

కుదురుకోవడానికి పట్టే కాలం ఎందుకు వృథా కాదో చెప్పడానికి నా పనిలోంచే ఒక ఉదాహరణ ఇస్తాను. దక్షిణ మలావీలో మొక్కజొన్నలో అంతరపంటగా కంది విస్తారంగా వేస్తారు. నేనున్న మధ్య ప్రాంతంలో అది చాలా తక్కువ. కంది నేలకు బలం ఇస్తుంది, పిల్లలకు మాంసకృత్తులు అందిస్తుంది. మన పటాన్‌చెరులో ప్రధాన కేంద్రం ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు లిలాంగ్వే దగ్గరి చిటెడ్జేలో కార్యాలయం కూడా ఉంది. మరి రైతులు ఎందుకు వేయరు? సమావేశాల్లో అడిగితే విత్తనం లేదనే జవాబే వచ్చేది. బోరింగు దగ్గర నీళ్లకు వచ్చే ఆడవాళ్లతో పరిచయం కలిశాకే అసలు కారణం తెలిసింది. మొక్కజొన్న కోత ఏప్రిల్, మే నెలల్లో అయిపోగానే మేకలను పొలాల మీదికి వదిలేస్తారు. దీర్ఘకాలిక కంది అప్పటికి ఇంకా పచ్చిగానే ఉండటంతో, కాపు చేతికి రాకముందే మేకల పాలవుతుంది. అంటే ఒక్క రైతు వేస్తే లాభం లేదు, మేకలను కట్టేయడానికి ఊరంతా ఒప్పుకోవాలి. చిచేవా మాట్లాడే అక్కడి చేవా సమాజంలో భూమి తల్లి వైపు నుంచి సంక్రమిస్తుంది. పెళ్లయిన మగవాడు భార్య ఊరికి వచ్చి ఉండటం ఆనవాయితీ, ఇంటి పెద్దరికంలో మేనమామ మాటకు విలువ ఎక్కువ. ఇల్లరికాన్ని చిన్నచూపు చూసే మన అలవాటుతో వెళ్లి, మగవాళ్లనే పిలిచి సమావేశం పెడితే ఆ నిర్ణయం ఎన్నటికీ జరగదు. మూడు వారాలకు వచ్చి వెళ్లే నిపుణుడికి ఇవి చెప్పేవారెవరు?

రైతులు నన్ను తరచుగా అడిగిన ప్రశ్న మరొకటుంది: "ఈ ఏడు మీ దేశం కందులు కొంటుందా?" మలావీ కందిపప్పుకు పెద్ద మార్కెట్టు మనదే. 2017లో మన ప్రభుత్వం కందుల దిగుమతులపై పరిమితి పెట్టినప్పుడు అక్కడ ధర కుప్పకూలింది. ఆ తర్వాత 2021లో మలావీ నుంచి ఏటా 50,000 టన్నుల చొప్పున ఐదేళ్లపాటు కొనడానికి రెండు ప్రభుత్వాల మధ్య అవగాహన ఒప్పందం కుదిరింది. అనంతపురంలో కంది రైతు దిగుమతుల వల్ల ధర పడిపోతుందని బాధపడుతుంటే, దిగుమతి ఆగినందుకు నష్టపోయిన రైతుతో కలిసి నేను భోజనం చేశాను. ఇద్దరి కష్టమూ న్యాయమైనదే. ఆ మాటను అక్కడి రైతు ముఖం చూస్తూ నిజాయతీగా చెప్పగలగడం కూడా స్వచ్ఛంద సేవకురాలి పనిలో భాగమేనని నేను నమ్ముతాను.

ఒంటరితనం గురించి దాపరికం వద్దు. మొదటి ఉత్సాహం తగ్గాక, మూడు నాలుగు నెలలప్పుడు చాలామందికి వెనక్కి వచ్చేయాలనిపిస్తుంది. అక్కడికీ మనకూ మూడున్నర గంటల తేడా. అక్కడ రాత్రి ఏడు గంటలకు పని ముగించుకుని ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర, అమ్మ నిద్రకళ్లతో మాట్లాడుతుంది. వారానికి ఒక రోజు తీరుబడిగా మాట్లాడుకునే ఏర్పాటు ఇరువైపులా మేలు చేస్తుంది. ప్రతి సాయంత్రం ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఎదురింటివాళ్లతో పరిచయం పెరగదు. తల్లిదండ్రులు కూడా ఆ నెలల్లో "వచ్చేయరాదూ" అనకుండా, ఈ రోజు ఎవరింట్లో తిన్నావు, ఏం మాట నేర్చుకున్నావు అని అడిగితే పిల్లలకు ఎంతో ధైర్యంగా ఉంటుంది.

డబ్బు కట్టించుకుని రెండు వారాలు అనాథాశ్రమాల్లో సేవ చేయిస్తామనే యాత్రల జోలికి మాత్రం వెళ్లవద్దని యువతను వేడుకుంటున్నాను. వచ్చినవారు వచ్చినట్టే వెళ్లిపోతుంటే, వారికి చేరువైన పసిపిల్లలు ప్రతిసారీ మళ్లీ ఒంటరివారవుతారు. దీన్నీ దీర్ఘకాల సేవనూ ఒకే గాటన కట్టి రాయడం సరికాదు.

మీ పత్రికకు నా విన్నపం ఇది. దేశదేశాల్లో ఇలా పనిచేసి తిరిగి వచ్చిన తెలుగు నర్సులు, ఉపాధ్యాయులు, ఇంజినీర్ల చేత వారి మొదటి నెలల అనుభవాలు రాయించండి. అలాగే, ఉద్యోగులు ఇలాంటి సేవకు వెళ్లినప్పుడు సర్వీసు, సీనియారిటీ నష్టపోకుండా రెండేళ్ల వరకు సెలవు ఇచ్చే స్పష్టమైన విధానాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రకటించాలని సంపాదకీయంలో కోరండి. పల్లెలతో పని చేసి పండిన మనుషులు మన వ్యవసాయ, ఆరోగ్య, విద్యాశాఖల్లో చాలామంది ఉన్నారు. వారిలో వెళ్లాలనుకునేవారు రిటైరయ్యే దాకా ఆగాల్సిన అవసరం ఉండకూడదు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
అనంతపురం