ఆ డబ్బా మూత అప్పుడే తీయకు

అమ్మలూ,

నువ్వు పంపిన బ్లడ్ రిపోర్టు ఫోటో చూశాం. మీ అమ్మ కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని చూసింది. మూడు నెలల సగటు షుగరు (HbA1c) 5.9 అని ఉండేసరికి నీకు షుగరుతో బాధపడ్డ మామ్మ గుర్తొచ్చి ఉంటుంది. ఆ టెన్షన్‌లోనే జింకు, క్రోమియం, సెలీనియం కలిపిన గోలీల డబ్బా కొనేశావు. ఫోన్‌లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

కిందటి దాళ్వా (రెండో పంట) వరిలో కాలవగట్టు చేను నాటిన మూడు వారాలకి ఆకుల మీద తుప్పు మచ్చలు పడ్డాయి, ఈనె పాలిపోయింది. చూసీ చూడగానే ఇంకో బస్తా యూరియా జల్లాను. డబ్బులు దండగ. అక్కడ తక్కువైంది జింకు. లీటరు నీళ్లకి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి రెండు తడవలు కొడితే గానీ చేను తేరుకోలేదు.

నీ విషయంలోనూ ముందు ఏం తక్కువైందో చూడాలి. నీ రిపోర్టు పై వరసలో హిమోగ్లోబిన్ తక్కువగా, 9.2 అని ఉంది, చూశావా? అమలాపురంలో డాక్టరుగారిని అడిగాను. ఐరన్ తక్కువై రక్తం తగ్గినవాళ్లకి ఈ మూడు నెలల లెక్క ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చట. పరగడుపున షుగరు, దాంతోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) చూపించుకోమన్నారు. ఐరన్ కూడా నీ అంతట నువ్వు మింగకు. అది ఒంట్లో పేరుకుపోయే జబ్బు ఒకటుంది, ఇన్సులిన్ తయారుచేసే క్లోమాన్ని పాడుచేసి షుగరు తెస్తుంది. ఒళ్లు రంగు మారుతుందని దాన్ని కంచు మధుమేహం అనేవారట.

జింకు సంగతి నాకు భలే నచ్చింది. మనం పనలు కట్టినట్టు క్లోమం ఇన్సులిన్ అణువుల్ని ఆరేసి చొప్పున కట్టకట్టి దాచుకుంటుందట. ఆ కట్టకి తాడు జింకే. అలాగని జింకు మింగితే షుగరు రాదని ఎవరూ తేల్చలేదు. క్రోమియం కూడా షుగరువాళ్లందరికీ ఇవ్వమని పెద్ద డాక్టర్ల సంఘాలేవీ చెప్పట్లేదు. సెలీనియం అయితే మరీ విడ్డూరం. అమెరికాలో క్యాన్సరు రాకుండా ఉంటుందేమోనని రోజుకి 200 మైక్రోగ్రాములు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 2007లో లెక్క తీస్తే, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లకంటే అది మింగినవాళ్లకే షుగరు ఎక్కువ వచ్చిందట!

మనం తెల్లగా మర పట్టించుకునే బియ్యంలోంచి మెగ్నీషియం చాలావరకు, జింకు కొంత తవుడులోకి పోతాయి. ఆ తవుడు మన గేదె తింటోంది. దానికి ఏ గోలీలూ అక్కర్లేదు.

అన్నం తినగానే టీ తాగే అలవాటు మానుకో, ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. తోటకూర వండుకున్నప్పుడు నిమ్మకాయ పిండుకో. కాయలు మీ అమ్మ శనివారం బస్సులో వేస్తానంటోంది.

డబ్బా బిల్లు ఉంటే వాపసు తీసుకుంటారేమో అడుగు. కొత్త రిపోర్టు వచ్చాక పేజీలన్నీ పంపు, నీకు భయమేసిన పేజీ ఒక్కటే కాదు.

నాన్న