తొలి పొడవు రైఫిల్ కిట్టు ఎంపికలో ధర ఒక్కటే చూడరాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి అభిరుచుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. మూతి వైపు నుంచి మందు కూరి పేల్చే పాతకాలపు పొడవు రైఫిల్‌ను కిట్టుగా తెప్పించుకొని, సెలవు రోజుల్లో ఇంట్లోనే తయారు చేసుకొనేవారి గురించి అందులో రాసిన భాగం బాగుంది. అయితే కొత్తవారు అన్నిటికన్నా చవకైన కిట్టుతోనే మొదలుపెట్టాలనీ, అది పాడైనా పెద్ద నష్టం ఉండదనీ ఇచ్చిన సలహా మాత్రం సరైనది కాదని నా అభిప్రాయం. వరంగల్‌లో ఐటీఐ ఫిట్టర్ విభాగంలో చాలాకాలం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. ఒహాయోలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు అతడూ అతని మిత్రులూ ఇటువంటి కిట్లు ముందేసుకొని కూర్చోవడం దగ్గరగా చూశాను. కొన్నింటికి నేనూ ఆకురాయి పట్టాను.

ఈ రైఫిల్ రూపుదిద్దుకొన్నది పెన్సిల్వేనియాలో, ముఖ్యంగా లాంకస్టర్ పరిసరాల్లో. జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచి వలస వెళ్లిన పనివారు తమకు అలవాటైన పొట్టి, బరువైన యేగర్ రైఫిల్‌ను 18వ శతాబ్దంలో క్రమంగా మార్చుతూ వచ్చారు. గొట్టాన్ని 40 అంగుళాలు దాటించి, రంధ్రాన్ని సన్నం చేసి, అడవుల్లో నెలల తరబడి తిరిగే వేటగాళ్లకు సీసమూ మందూ ఆదా అయ్యేలా చేశారు. నేటి కిట్టులో అష్టకోణపు గొట్టం, లాక్ (మందుకు నిప్పు అందించే యంత్రభాగం), ట్రిగ్గరు, ఇత్తడి లేదా ఇనుప తొడుగులు, సగం చెక్కిన మేపుల్ లేదా అక్రోటు కర్ర (ఇవన్నీ బిగించే చెక్క భాగం) ఉంటాయి. అన్ని కిట్లలోనూ ఉండేవి ఇవే కాబట్టి, ముందుగా చూడవలసింది ఆ కర్రను ఎంతవరకు, ఎంత కచ్చితంగా చెక్కి పంపారన్నది.

గొట్టం కూర్చునే గాడి, లాక్ దిగే గుంత, గొట్టం వెనుక చివరను మూసే బ్రీచ్ ప్లగ్ తోక ఒదిగే చోటు అనే మూడింటి దగ్గరే కొత్తవాడి పని చెడుతుంది. చవక కిట్లలో కొన్నింటికి ఈ గుంతలు వదులుగానో, వంకరగానో వస్తాయి. తక్కువ పడిన చోట ఉలితో ఇంకాస్త తీయవచ్చు గానీ, ఎక్కువ తీసిన కర్రను తిరిగి పెట్టలేము. అటువంటి కిట్టును సరిచేయడానికి కావలసిన నేర్పు తొలిసారి చేసేవాడికి ఉండదు, ఆ నేర్పు ఉన్నవాడికి ఆ కిట్టు అవసరమే ఉండదు. ఒహాయోలోనే కిబ్లర్ సంస్థ కంప్యూటర్ యంత్రాలతో కర్రను చెక్కి, భాగాలు దాదాపు నేరుగా ఒదిగేలా కిట్లు తయారు చేస్తున్నది. వాటి ధర ఎక్కువే. ట్రెడిషన్స్ సంస్థ కెంటకీ కిట్టు చాలా తక్కువకు వస్తుంది, దాని కర్ర రెండు ముక్కలుగా ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువైతే రెండోది కొనడంలో తప్పు లేదు. కానీ పాడైనా పరవాలేదు అనే లెక్కతో మాత్రం కొనకూడదు.

లాక్ విషయంలో నా పట్టుదల ఇంకా ఎక్కువ. మీ వ్యాసకర్త చెకుముకి రాయితో పేలే రకమే అందమైనదని రాశారు. అందం మాట నిజమే. అయితే ఆ రాయి ఉక్కు పలకను గీరినప్పుడు రాలే నిప్పురవ్వలు పళ్లెంలోని రంజకం (నిప్పంటించే కొద్దిపాటి మందు) మీద పడాలి, ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలి మందును అంటుకోవాలి. ఇదంతా రెప్పపాటులో జరగాలంటే స్ప్రింగుల బలం సమతూకంగా ఉండాలి, రాయి పలకను తాకే కోణం కుదరాలి, పలక ముఖం సరిగ్గా గట్టిపరచి ఉండాలి. సరిగా గట్టిపరచని పలకను ఎంత మంచి రాయి గీరినా రవ్వలు రాలవు. ఆ పక్క రంధ్రం పళ్లెం పై అంచుకు సమానమైన ఎత్తులో, పళ్లెం మధ్యకు ఎదురుగా ఉండాలి, లోపల బ్రీచ్ ప్లగ్ ముఖం దానికి అడ్డు రాకూడదు. ఈ కారణంగా తక్కువ ధర కిట్టు కొనేవారు చెకుముకి జోలికి పోకుండా క్యాపు రకం తీసుకోవడం మేలని నేను చెబుతాను. 19వ శతాబ్దం తొలి భాగంలో వచ్చిన ఆ పద్ధతిలో, సుత్తి దెబ్బకు పేలే చిన్న రాగి టోపీయే నిప్పు అందిస్తుంది, అందువల్ల లాక్‌లో చిన్న లోపాలున్నా అది ఓర్చుకొంటుంది. చెకుముకే కావాలనుకొనేవారు మిగతా అన్నింటిలో పొదుపు చేసైనా లాక్ మీద ఖర్చు పెట్టాలి.

గొట్టం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న దాని బలానికి సంబంధించినది. ఇటలీ, స్పెయిన్ దేశాల నుంచి వచ్చే గొట్టాలను ఆ దేశాల్లోని అధికారిక పరీక్షశాలలో ఎక్కువ మందుతో పేల్చి చూసి, ముద్ర వేసి పంపుతారు. అమెరికాలో అటువంటి తప్పనిసరి పరీక్ష లేదు కనుక అక్కడి గొట్టానికి చేసినవారి పేరే పూచీ. బ్రీచ్ ప్లగ్ బిగించి ఉన్న గొట్టమే కొనాలి. ఆ పనిని తొలి ప్రయత్నంలో సొంతంగా చేయాలనే ఉబలాటాన్ని నా విద్యార్థి ఎవరైనా చూపితే నేను ఒప్పుకొనేవాణ్ణి కాదు. పేలుడు జరిగేది తుపాకి పట్టుకొన్నవాడి ముఖానికి జానెడు దూరంలో.

రంధ్రం కొలత విషయంలో చాలామంది తికమకపడతారు. గొట్టం బయటి కొలత ఒకటే అయినప్పుడు, రంధ్రం పెద్దదైన కొద్దీ గొట్టం బరువు తగ్గుతుంది. 0.50 అంగుళాల రంధ్రానికి సాధారణంగా 0.490 అంగుళాల సీసపు గుండు వాడి, మధ్యలో నూనె పట్టించిన గుడ్డ పెట్టి గజంతో (కూరే కడ్డీతో) దిగగొడతారు. గురిపెట్టి కాగితాన్ని కొట్టడమే సరదా అయితే 0.40 లేదా 0.45 చాలు, సీసమూ మందూ తక్కువ పడతాయి.

కర్రను ఎంచుకొనేటప్పుడు చాలామంది మేపుల్‌లోని అలల గీతలకే ముచ్చటపడతారు. నేనైతే ముందుగా లాక్‌కూ మడమకూ (భుజం వైపు ఆనే చివరకూ) మధ్య సన్నగా ఉండే చోట చెక్క నార ఏ దిశగా పోతోందో చూస్తాను. అది ఆ సన్నని భాగం వెంబడి నిలువుగా సాగాలి, అడ్డంగా తెగిపోతే ఎప్పుడో ఒకప్పుడు అక్కడే పగులుతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే మేకులు దూరే రంధ్రాలను గొట్టం కొక్కేలలో కొంచెం పొడవుగా సాగదీయాలన్న సంగతి కూడా కిట్టుతో వచ్చే కాగితాల్లో ఉందో లేదో చూసుకోవాలి. వానాకాలంలో మన ఇళ్ల దర్వాజలు బిగుసుకొన్నట్టే ఈ కర్ర కూడా తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, ఇనుము మాత్రం కదలదు.

కొలతల సంగతి మీ వ్యాసంలో అసలే లేదు. మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా ఉన్న దూరం, ట్రిగ్గరు నుంచి మడమ దాకా ఉన్న దూరంతో సుమారుగా సరిపోవాలి. చాలా కిట్లలో అది పదమూడున్నర అంగుళాల చుట్టూ ఉంటుంది. మన సగటు ఎత్తు వారికి అది కాస్త ఎక్కువే కావచ్చు, కానీ కోసి తగ్గించే వీలుంటుంది, పెంచే వీలు ఉండదు. 42 అంగుళాల గొట్టంతో మొత్తం తుపాకి ఐదడుగులకు దగ్గరగా వస్తుంది. పొట్టివారు దాన్ని నిలబెట్టి మందు పోసేటప్పుడు మూతి ముఖానికి ఎదురుగా వస్తుంది, అలా రానివ్వకూడదు. కనుక తమ ఎత్తుకు తగిన పొడవు చూసుకోవడం అందం కోసం కాదు, భద్రత కోసం. చంద్రవంక ఆకారపు మడమ తొడుగు చూడముచ్చటగా ఉంటుంది గానీ దాన్ని భుజానికి కాకుండా దండచేతికి ఆనించాలి. ఆ అలవాటు లేనివారు వెడల్పాటి తొడుగు తీసుకోవడం మంచిది.

యంత్రం చెక్కిన కర్రను సానబెట్టి బిగించడం ఏం పనితనం అని ఎద్దేవా చేసేవారు ఒహాయోలోనూ కనిపించారు. పెన్సిల్వేనియా పాత పనివారిలో చాలామంది ఇంగ్లండు, జర్మనీల నుంచి దిగుమతైన లాక్‌లను కొని బిగించినవారే. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు కొనుక్కుపోతే, ఆ ఉక్కుతో కత్తులు చేసిన అక్కడి పనివారిని, ఉక్కు తామే కరిగించలేదని ఎవరూ తక్కువ చేయలేదు. కర్ర అంచులను తీర్చడం, ఇత్తడిని కర్రతో ఒకే మట్టానికి తేవడం, గొట్టానికి గోధుమరంగు తుప్పు పట్టించి ఆపడం, నూనె పూతలు వేయడం వంటివి ఎంత కచ్చితమైన కిట్టులోనైనా మిగిలే ఉంటాయి. తొలి రైఫిల్‌కు ఆ పని చాలు. వెండి పొదుగులు, చెక్కడాలు తరువాతి దాని కోసం దాచుకోవచ్చు.

చివరగా, ఆ వ్యాసంలో తప్పక ఉండవలసి కూడా లేని విషయం ఒకటి ఉంది. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ఇటువంటి పాత తరహా తుపాకులను వేరుగా చూస్తుంది కనుక కిట్టు టపాలో ఇంటికే వస్తుంది, కొన్ని రాష్ట్రాల నిబంధనలు మాత్రం ఇంకా కఠినంగా ఉంటాయి. మన దేశంలో సంగతి పూర్తిగా వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకిని దగ్గర ఉంచుకోవడానికీ, తయారు చేయడానికీ, దిగుమతి చేసుకోవడానికీ లైసెన్సు కావాలి. ఆయుధం అనే నిర్వచనంలోకి దాని విడిభాగాలు కూడా వస్తాయి. 2019 సవరణ తరువాత, లైసెన్సు లేకుండా తయారు చేసినవారికి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం శిక్ష పడవచ్చు. మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకు ఇచ్చిన మినహాయింపు కొత్తగా చేసిన కిట్టుకు వర్తించదు. పిల్లల దగ్గరికి వెళ్లివచ్చే తల్లిదండ్రులు, ముచ్చటగా ఉందని లాక్‌నో గొట్టాన్నో సూట్‌కేసులో పెట్టుకొని హనుమకొండకో కరీంనగర్‌కో తెచ్చుకొనే ఆలోచన చేయకూడదు. ఇకపై ఇటువంటి వ్యాసాలు వేసినప్పుడు ఈ నిబంధనలను అదే పేజీలో, కనిపించే అక్షరాల్లో ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
హనుమకొండ